సోమశేఖరం గారి లేతూ, నిరుపయోగ ధ్రువపత్రమూ

సోమశేఖరం గారికి లేత్ మిషను మీద మనసు పోవడానికి కారణం కప్పలు.

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ బెజవాడలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పారు. చెప్పడమంటే ఏముంది, కప్పని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లకీ గుండుసూదులు గుచ్చి, పొట్ట కోసి, "ఇది గుండె, ఇది కాలేయం, రాసుకోండి" అనడం. రిటైరైన రోజున శాలువా కప్పి మాట్లాడమంటే మైకు ముందు నిలబడి, "ఇన్నాళ్లూ బాగున్నవాటిని కోసి పాడు చేశాను. ఇకమీదట పాడైనవాటిని బాగుచేసుకుంటూ బతుకుతాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన భార్య మాణిక్యం మాత్రం కొట్టలేదు. ఈ మాట ఎక్కడ తేలుతుందోనని ఆవిడకి భయం పట్టుకుంది.

ఆటోనగర్‌లో తేలింది. మూతబడ్డ వర్క్‌షాపు వాళ్లెవరో పాత లేత్ మిషన్ని తుక్కు కింద అమ్మేస్తుంటే, ఆయన దాన్ని ట్రాలీ ఆటో మీద ఎక్కించుకుని పటమట వెనకాల లెక్చరర్స్ కాలనీలో ఉన్న తమ ఇంటికి పట్టుకొచ్చారు. పెరట్లో స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డులో దింపించారు. ఆ రోజు నుంచీ స్కూటరు ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ బయటే ఉంటోంది.

"ఏంటండీ ఇది?" అంది మాణిక్యం.

"లేతు. దీనికి ఇనప కడ్డీ బిగించి స్విచ్చేస్తే గిర్రున తిరుగుతుంది. పక్కన ఈ ఉలి ఉంది చూశావూ, ఇది దాన్ని గుండ్రంగా చెక్కుతుంది."

"మనింట్లో గుండ్రంగా లేక ఆగిపోయినవి ఏమున్నాయని?"

 కొన్నాళ్ల పాటు ఆయన చేసిందల్లా ఇత్తడి కడ్డీల్ని ఇత్తడి పొట్టుగా మార్చడమే. తలనిండా పొట్టు, చొక్కానిండా ఆయిలు, చేతినిండా గాట్లు. మాణిక్యం అన్నం పెట్టేముందు ఆయన్ని పంపు కింద నిలబెట్టి కడిగేది. ఒకరోజు వెట్ గ్రైండరులో ఇరుసు చుట్టూ ఉండే బుష్ అనే గొట్టం అరిగిపోయి, ఆ మోడలు ఇప్పుడు రావట్లేదని కొట్టువాడు చేతులెత్తేశాడు. సోమశేఖరం గారు షెడ్డులోకి వెళ్లి, కాస్త ఇత్తడిని చెక్కి, మధ్యలో బెజ్జం వేసి, బుష్ చేసుకొచ్చి బిగించారు. గ్రైండరు తిరిగింది. పిండి రుబ్బింది. మాణిక్యం ఆ పూట ఆయనకి ఒక దోసె ఎక్కువ వేసింది.

ఇక చూడండి, కాలనీ అంతా రావడం మొదలుపెట్టింది. లెక్చరర్స్ కాలనీ అంటే ప్రపంచంలో ఉన్న సబ్జెక్టులన్నీ అక్కడే కాపురం ఉంటాయి కానీ, కారుతున్న కుళాయిని ఆపగలిగిన నాథుడు ఒక్కడూ ఉండడు. ఒకరు గేటు గడియ తెస్తే, ఒకరు కుక్కరు పిడి తెచ్చారు. మూడో ఇంటి రాజ్యలక్ష్మి గారు తులసికోట దగ్గర వేలాడే గంటకి నాలుక ఊడిపోతే చేయించుకుని వెళ్లి, ఆ సాయంత్రమే గిన్నెడు గోంగూర పులుసు పంపించారు. ఆయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. పొద్దున్నే కాఫీ తాగి షెడ్డులోకి వెళ్తే భోజనానికి పిలిస్తే గానీ వచ్చేవారు కాదు. కాలేజీలో ఎన్నడూ పాట పాడని మనిషి లేతు దగ్గర కూనిరాగాలు తీయడం మాణిక్యం చెవులారా వింది.

అంత సుఖంగా ఉన్న మనిషి ప్రభుత్వం కళ్లబడకుండా ఎన్నాళ్లుంటాడు?

ఆ ఏడు ప్రభుత్వం వారికి ప్రజలు సంతోషంగా లేరన్న అనుమానం కలిగింది. ఒక సంఘం విదేశాలకి వెళ్లి, బాగా తిరిగి, బాగా తిని వచ్చి, అక్కడివాళ్లు నవ్వుతూ ఉండటానికి కారణం వాళ్లకి తలా ఒక సరదా పని ఉండటమేనని నివేదిక ఇచ్చింది. వెంటనే "ఇంటికో అభిరుచి" అనే పథకం పుట్టింది. పథకానికి గృహాభిరుచుల అభివృద్ధి సంస్థ పుట్టింది. సంస్థకి కుర్చీలూ, జీపులూ, రబ్బరు స్టాంపులూ పుట్టాయి. ఇంతకీ అభిరుచి అంటే ఏమిటన్న ప్రశ్న చివర్లో వచ్చింది. పెద్దలు ఏసీ గదిలో కూర్చుని తేల్చారు: ఇంట్లో చేసిన వస్తువు ఎవరికైనా ఉపయోగపడితే అది పరిశ్రమ. పరిశ్రమ నివాస ప్రాంతంలో ఉండకూడదు. ఎవరికీ ఎందుకూ పనికిరాకపోతే అదే అసలైన అభిరుచి.

దాంతో మేడ మీద వంకాయలు పండించి వండుకున్నవాళ్లకి నోటీసులొచ్చాయి. మొక్కలేసి నీళ్లు పోయకుండా ఎండగొట్టినవాళ్లకి ప్రశంసాపత్రాలొచ్చాయి. స్వెటరు అల్లిన ఆవిడ ఇంటికి వెళ్లి, ఇంటిల్లిపాదికీ తొడిగి చూసి, ఎవరికీ పట్టకపోతేనే వదిలిపెట్టారు. ఒకాయన ఫిడేలు నేర్చుకుంటుంటే వాయిద్యం విని, ప్రమాదమేమీ లేదని రాసుకుని వెళ్లారు.

అలా తిరుగుతూ తిరుగుతూ సంస్థ సహాయ సంచాలకులు చిట్టూరి త్రివిక్రమరావు గారు ఒక ఉదయం సోమశేఖరం గారి గేటు తీశారు. పొట్టి మనిషి, పొడవాటి ఫైలు.

"మాష్టారూ! తమరి గృహావరణలో ఒక యంత్రము విద్యుచ్ఛక్తితో పరిభ్రమించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది."

"పరిభ్రమిస్తుందండీ, బ్రహ్మాండంగా. రండి, చూద్దురుగాని" అన్నారు సోమశేఖరం గారు. షెడ్డు చూస్తానన్న మనిషి దొరికితే ఆయనకి ఒళ్లు తెలియదు.

త్రివిక్రమరావు గారు లేతు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "సదరు యంత్రముపై తమరు చేయుచున్నది పరిశ్రమయా, అభిరుచియా?"

"సరదాకండీ."

"సరదా అను పదము చట్టములో లేదు."

అప్పుడు మాణిక్యం కాఫీ పట్టుకొచ్చింది. ఇంటికొచ్చిన ఆఫీసరు దగ్గర మొగుణ్ణి నాలుగు మాటలు పొగిడితే మంచిదే కదా అనుకుంది పాపం. "ఊరికే సరదా ఏంటండీ! మా గ్రైండరు బాగుచేశారు. రాజ్యలక్ష్మి గారి గంట, ఎదురింటివాళ్ల గేటు, కాలనీలో సగం కుక్కర్లు ఈయన చేతి మీదే నడుస్తున్నాయి. మావారి చెయ్యి పడితే పనికిరానిదంటూ ఉండదండీ!"

త్రివిక్రమరావు గారు ఒక్కొక్కటే రాసుకుంటూ, చావు కబురు విన్నట్టు తలూపారు. "అనగా... ఉపయోగపడుచున్నవన్నమాట."

"ఎందుకు పడవండీ!"

"అమ్మా, చాలును. ఇక తమరేమియు చెప్పవలదు. ఇప్పటికే కేసు బలముగా ఉన్నది."

ఆయన బ్యాగులోంచి తీగ, లక్క, ఒక ఎర్ర బిళ్ల తీశారు. లేతు పిడికి తీగ చుట్టి, లక్క కరిగించి సీలు వేసి, బిళ్ల వేలాడదీశారు. దాని మీద "నిరుపయోగ వినియోగమునకు మాత్రమే" అని ఉంది.

"పిడి తిరుగును, భయపడవలదు. ఈ యంత్రముపై తమరు పనికిరానివి ఎన్నియైనను చేసికొనవచ్చును. నెలాఖరులోగా అట్టి వస్తువు నొకదానిని మా సంఘము ఎదుట ప్రవేశపెట్టి నిరుపయోగ ధ్రువపత్రము పొందవలెను. పొందనిచో యంత్రము మా డిపోకు తరలించబడి తుక్కు క్రింద వేలము వేయబడును. ఈలోగా పనికివచ్చునది ఏ ఒక్కటి చేసినను వెంటనే తరలించబడును." కాఫీ తాగేసి, గ్లాసు బాగుందని చెప్పి వెళ్లిపోయారు.

సోమశేఖరం గారు షెడ్డులోనే కూర్చుండిపోయారు. లేతు పోతే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. పొద్దున్నే పేపరు చదివి, అది అయిపోయాక ప్రకటనలు చదివి, అవీ అయిపోయాక భోజనానికి ఎంతసేపని వంటింట్లోకి తొంగిచూసే మనిషి అయిపోతారు. అలాంటివాళ్లు ఆ కాలనీలో వీధికి ఇద్దరున్నారు. అది తలుచుకుంటే ఆయనకి నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఛ, పనికిరానిది చేయడం కూడా ఒక పనేనా? మొదట్లో నేను చేసినవన్నీ అవేగా" అని ధైర్యం చెప్పుకుని లేచారు.

ఒక ఇత్తడి ముద్ద తీసుకుని అటొక గాటు, ఇటొక గాటు పెట్టి, తలా తోకా లేని వస్తువొకటి తయారుచేసి కిటికీలో పెట్టారు. పొద్దున లేచి చూస్తే లేదు. వంటింట్లోంచి టపటపమని చప్పుడు వస్తోంది. మాణిక్యం దాంతో వెల్లుల్లి చితక్కొడుతోంది.

"ఎంత వాటంగా ఉందండీ! పొత్రం కంటే ఇదే నయం."

ఆయన తల పట్టుకున్నారు. రెండోసారి ఒక సన్నటి కడ్డీని పాములా వంకర్లు తిప్పారు. దాన్ని ఆవిడ గోడకి కొట్టి గరిటెలు తగిలించింది. మూడోసారి పక్కకి బెజ్జం పడ్డ బిళ్ల చేశారు. అది పెరుగు గిన్నె కింద కుదురైంది. ఇంకోటి చేసి దాచి పెడితే వెతికి తీసింది. బీరువా మీద పెడితే బీరువా కింద పెట్టింది, దాని కాలొకటి కాస్త పొట్టిగా ఉందట.

"మాణిక్యం, నీకు దణ్ణం పెడతాను. ఒక్కదాన్ని, ఒకే ఒక్కదాన్ని వాడకుండా వదిలేయవే!"

"వస్తువు ఊరికే పడుంటే నా చెయ్యి ఊరుకోదండీ. మిమ్మల్ని మాత్రం ఏనాడైనా ఊరికే కూర్చోనిచ్చానా?"

ఇది చాలదన్నట్టు ఆయన చెయ్యి కూడా ఆయన మాట వినడం మానేసింది. లేతు పట్టినవాడికి ఒక జబ్బుంటుంది. కొలత లేకుండా చెక్కుదామని కళ్లు మూసుకున్నా, చెయ్యి తనంతట తాను సరైన కొలత దగ్గరే ఆగుతుంది. కావాలని వంకరగా చేసిన మేకు తీసుకెళ్లి చూస్తే రాజ్యలక్ష్మి గారి తలుపు బందుకి అతికినట్టు సరిపోయింది. ఆయన దాన్ని ఎవరూ చూడకుండా పెరట్లో పాతిపెట్టారు.

ఈ గొడవల మధ్య కాలనీ నీళ్ల మోటారు ఆగిపోయింది. లోపలి బుష్ అరిగి షాఫ్టు ఊగుతోంది. పాత మోటారు, చేసిన కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు. కొత్తది వేయాలంటే కాలనీ సంఘంలో తీర్మానం కావాలి, తీర్మానానికి మీటింగు కావాలి, మీటింగు పెడితే ఎవరు అధ్యక్షత వహించాలన్న దాని మీదే తెల్లారిపోతుంది. ట్యాంకరు వచ్చినప్పుడు వీధిలో బిందెలు దొర్లేవి. హిస్టరీ ఆయనా, లాజిక్ ఆయనా ఒక బకెట్టు కోసం చొక్కాలు పట్టుకున్నారు.

రాజ్యలక్ష్మి గారు మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి కూర్చున్నారు. "అన్నయ్య గారూ, ఆ బుష్షేదో మీరు చేస్తే అయిపోతుందట కదా. మెట్లెక్కి నీళ్లు మోయలేక చచ్చిపోతున్నాను."

"గంట పని చెల్లెమ్మా. కానీ చేస్తే నా లేతు పట్టుకుపోతారు." ఆ మాట అంటుంటే ఆయనకి సిగ్గేసింది. ఎర్ర బిళ్ల వైపు చూపించారు.

ఆవిడ దాన్ని చదివి, ఇంకోసారి చదివి, "నా గ్రామరు క్లాసులో ఎవడైనా ఇలా రాస్తే చెంప పగలగొట్టేదాన్ని" అని లేచి వెళ్లిపోయారు. మెట్ల మీద ఆవిడ మూలుగు ఇక్కడికి వినపడింది.  మాణిక్యం ట్యాంకరు దగ్గరికి బిందె తీసుకుని వెళ్లింది. నాలుగు చీవాట్లు పెట్టినా ఆయనకి అంత బాధేసేది కాదు.

మర్నాడు ఆయన, బీరువాలో తాళం వేసి కాపాడుకున్న ఇత్తడి ముక్కొకటి పట్టుకుని ధ్రువపత్రాల సంఘం ఎదుటికి వెళ్లారు. సంస్థ కార్యాలయం పక్క కాలనీలో అద్దెకి తీసుకున్న ఒక ఇల్లు. వంటింట్లో రికార్డులు, పూజగదిలో అకౌంట్లు, హాల్లో నిలబడి ఉన్న జనం. అందరి చేతుల్లోనూ ఏదో ఒక పనికిరాని వస్తువు. లోపల బెడ్‌రూములో సంఘం కొలువుతీరింది. త్రివిక్రమరావు గారు కార్యదర్శి. వినియోగ నిపుణుల హోదాలో ఒక ఇంజినీరింగు ప్రొఫెసరు అధ్యక్షుడు. ఆయన ఏ వస్తువుకైనా పని కల్పించగలడని ప్రసిద్ధి.

"వస్తువు నామధేయము?"

"లేదండీ."

"నామధేయము లేదు. మంచి ఆరంభము" అన్నారు త్రివిక్రమరావు గారు రాసుకుంటూ.

అధ్యక్షుడు దాన్ని వాసన చూశాడు, నీళ్లలో ముంచాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. బల్ల మీద దొర్లించాడు. దొర్లలేదు. "సీసా మూత తీయుటకు పనికిరాదు. మేకు దిగగొట్టుటకు పనికిరాదు. ఆశాజనకముగా ఉన్నది" అన్నాడు.

సోమశేఖరం గారికి ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణంలోనే త్రివిక్రమరావు గారికి వీపు మీద దురద పుట్టింది. చెయ్యి అందలేదు. పరధ్యానంగా ఆ ఇత్తడి ముక్కని అందుకుని, కాలరులోంచి లోపలికి పోనిచ్చి, "ఆహా... ఆహాహా... అక్కడే, అక్కడే" అంటూ కళ్లు మూసుకున్నారు.



కళ్లు తెరిచేసరికి అధ్యక్షుడు ఆయన్నే చూస్తున్నాడు. "ఉపయోగపడినదా?"

"...అత్యంతము" అన్నారు త్రివిక్రమరావు గారు తలవంచుకుని. నిజాయితీపరుడు, అబద్ధం ఆడలేకపోయారు.

వస్తువు తిరస్కరించబడింది. సంస్థ వారు దాన్ని స్వాధీనం చేసుకున్నారు, త్రివిక్రమరావు గారి సొరుగులో భద్రపరిచారు.

ఇంటికొచ్చి సోమశేఖరం గారు బాగా ఆలోచించారు. చిన్న వస్తువైతే ఎవడో ఒకడు ఎక్కడో ఒకచోట దూరుస్తాడు. కాబట్టి పెద్దది చేయాలి. ఎవరూ ఎత్తలేనిది, దేనికిందా పెట్టలేనిది, ఎవరూ వీపు గోక్కోలేనిది. షెడ్డుకి లోపల గడియ పెట్టుకుని, భోజనం కిటికీలోంచి అందుకుని, పళ్లచక్రాలు చెక్కడం మొదలుపెట్టారు. ఒక చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది, అది మరోదాన్ని తిప్పుతుంది, ఆ మరోది ఒక కమ్మీని పైకీ కిందకీ ఆడిస్తుంది, ఆ కమ్మీ మళ్లీ వచ్చి మొదటి చక్రాన్నే తడుతుంది. పిడి పట్టి తిప్పితే మొత్తం యంత్రం గలగలలాడుతుంది, తళతళలాడుతుంది, ఏమీ చేయదు.

ఆటో మీద తీసుకెళ్లి సంఘం కూర్చునే బెడ్‌రూములో దింపారు. అధ్యక్షుడు పిడి తిప్పాడు. చక్రాలన్నీ కదిలాయి. ఆయన ఊపిరి బిగబట్టి చూశాడు. "చివరికి ఏమి వచ్చును?"

"ఏమీ రాదండీ."

"పిండి ఆడదా? నీరు తోడదా?"

"గాలి కూడా విసరదండీ."

త్రివిక్రమరావు గారు మోకాళ్ల మీద కూర్చుని కిందకి తొంగిచూశారు. లేచి చేతులు జోడించారు. "ఇన్ని అంగములు, ఇంత చలనము, ఇంత శబ్దము, ఫలితము మాత్రము శూన్యము! అయ్యా, మా సంస్థ ఆశయమును ఇంతకంటె చక్కగా ఎవరు చూపగలరు!"

ధ్రువపత్రం అక్కడికక్కడే ఇచ్చేశారు. జిల్లాలో మొట్టమొదటిది. శాలువా కప్పారు. యంత్రాన్ని సంస్థ హాల్లో ప్రతిష్ఠించి, పిడికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టారు.

"అయితే ఇక ఆ సీలు తీసేస్తారా? మా కాలనీ మోటారుకి చిన్న బుష్ ఒకటి..." అన్నారు సోమశేఖరం గారు శాలువాలోంచి.

త్రివిక్రమరావు గారు చెవులు మూసుకున్నారు. "హరిహరీ! తమరిప్పుడు సామాన్యులా? జిల్లాకే ఆదర్శ నిరుపయోగులు! తమరు పనికివచ్చునదొకటి చేసిరని పొక్కినచో మా పరువేమి కావలె? ఇట్టి యంత్రములు మిగతా జిల్లాలకు కూడ చేయవలసియుండును. బుష్ గిష్ మాట మరల ఎత్తకుడు."

లేతు మిగిలింది, పని మిగల్లేదు. సోమశేఖరం గారు రోజూ షెడ్డు తెరిచి, ఆర్డరు ప్రకారం పనికిరాని చక్రాలు చెక్కేవారు. కూనిరాగం ఆగిపోయింది. బయట బిందెల చప్పుడు వినపడినప్పుడల్లా స్విచ్చి ఆపేసి కూర్చునేవారు. శాలువా మాత్రం మాణిక్యం వృథా పోనివ్వలేదు, లేతుకి దుమ్ము పడకుండా కప్పింది.

ఇక అక్కడ సంస్థ హాల్లో ఏం జరిగిందో వినండి. ధ్రువపత్రాల కోసం వచ్చిన జనం ఇంతకుముందు గంటలకొద్దీ నిలబడి, విసిగి, గుమాస్తాల్ని నానా మాటలూ అనేవారు. ఇప్పుడు ఆ యంత్రం చుట్టూ చేరారు. ఒకరి తర్వాత ఒకరు పిడి తిప్పుతున్నారు, చక్రాలు చూసి మురిసిపోతున్నారు. తిట్లు ఆగిపోయాయి. పనేమీ లేనివాళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకుని రావడం మొదలుపెట్టారు. ఒకసారి, ఇళ్ల కరెంటుతో పరిశ్రమలు నడిపేవాళ్లని పట్టుకునే కరెంటు తనిఖీ దళం వాళ్లు అటుగా పోతూ, ఆఫీసులోంచి నవ్వులు వినపడేసరికి అనుమానపడి లోపలికొచ్చారు. వచ్చి, చూసి, సంస్థ తయారుచేసిన చట్టం సంస్థకే చదివి వినిపించారు: ఇది నివాస ప్రాంతం. ఇక్కడ జనానికి ఉపయోగం జరుగుతోంది. కాబట్టి ఇది పరిశ్రమ. నిరుపయోగ ధ్రువపత్రం చూపిస్తారా, ఖాళీ చేసి ఊరవతల పారిశ్రామికవాడకి పోతారా?

పారిశ్రామికవాడకి బస్సు లేదు. చుట్టుపక్కల టిఫిను హోటలు లేదు. సిబ్బంది గొల్లుమన్నారు. యంత్రాన్నైతే గోనెపట్టా కప్పి వెనక గదిలోకి నెట్టేశారు గానీ నోటీసు పోలేదు. తన నిరుపయోగాన్ని తానే ధ్రువీకరించుకోకూడదని నిబంధన. బయటి పౌరుడెవరైనా చేయాలి, ఆ పౌరుడికి ఇదివరకే ధ్రువపత్రం ఉండాలి. జిల్లా మొత్తం మీద అలాంటివాడు ఒక్కడే.

త్రివిక్రమరావు గారు సోమశేఖరం గారి గేటు తీసుకుని లోపలికి వచ్చారు. ఈసారి ఫైలు చంకలో ముడుచుకుపోయి ఉంది.

"మాష్టారూ, తమరే దిక్కు."

సోమశేఖరం గారు విషయమంతా విన్నారు. విని, షెడ్డులో స్టూలు మీద ఆయన్ని కూర్చోబెట్టి, కళ్లజోడు పెట్టుకున్నారు. కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షల రోజున పెట్టుకునే మొహం పెట్టారు.

"విచారణ లేకుండా ఎలా ఇస్తానండీ? చెప్పండి, మీ సంస్థ వల్ల ఇంతవరకూ ఎవరైనా బాగుపడ్డారా?"

"రామ రామ! ఒక్కరు కూడా లేరు."

"ఎవరి ఇంట్లోనైనా సంతోషం పెరిగిందా?"

"ప్రమాణపూర్వకముగా చెప్పుచున్నాను. ఉన్న సంతోషము కూడ తగ్గినదనుటకు మా రికార్డులే సాక్ష్యము."

"సిబ్బంది జీతాలు తీసుకుంటున్నారుగా? వాళ్లకి ఉపయోగమేగా అది?"

త్రివిక్రమరావు గారికి ముచ్చెమటలు పోశాయి. "మూడు నెలలుగా రాలేదండీ" అన్నారు, మొదటిసారి మామూలు మనిషిలా.

మాణిక్యం తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆవిడకి జాలేసింది. "ఇచ్చేయండి పాపం. వీళ్లు దేనికైనా పనికొస్తారేమోనని నేనూ బాగా ఆలోచించాను. నా వల్ల కూడా కాలేదు."

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సోమశేఖరం గారు కలం తీశారు, తీసి ఆగారు.

"ఒక్క సందేహమండీ. నేను సంతకం పెట్టగానే చట్టప్రకారం మీ సంస్థ ఏమవుతుంది?"

"నివాస ప్రాంతములోని నిరుపయోగ కార్యకలాపము. అనగా అభిరుచి."

"నాదీ అభిరుచేగా. ఒక అభిరుచి వచ్చి ఇంకో అభిరుచికి సీలు వేయగలదా?"

త్రివిక్రమరావు గారు ఫైలు తెరిచారు. మూశారు. మళ్లీ తెరిచి తిరగేశారు. ఆ చట్టాన్ని ఆయనే అక్షరం అక్షరం కూర్చారు. చివరికి తలెత్తి, "వేయజాలదు. నోటీసు ఇయ్యజాలదు. వేలము వేయజాలదు. అసలేమియు చేయజాలదు" అన్నారు. చెప్తూ చెప్తూ ఆయన భుజాలు కిందకి దిగాయి, ఎన్నాళ్లదో బరువు దించినట్టు. "పెట్టేయండి మాష్టారూ సంతకం. ఊరవతలికి పోతే నాకు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లడం కుదరదు."

సంతకం పడింది. సోమశేఖరం గారు పట్టుకారు తీసుకుని తీగ తెంచారు. ఎర్ర బిళ్ల కింద పడితే మాణిక్యం అందుకుంది. ఆయన ఇత్తడి ముక్క బిగించి స్విచ్చి వేశారు. పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే త్రివిక్రమరావు గారు వెళ్లకుండా అక్కడే నిలబడి చూస్తున్నారు. కొంచెం ముందుకొచ్చారు. ఇంకొంచెం ముందుకొచ్చారు.

"మాష్టారూ... నేనొకసారి తిప్పొచ్చా?"

"రండి. ఆఖరి కోత మీరు వేయండి. నెమ్మదిగా, చంటిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు. అదీ... ఆగండి ఆగండి. చాలు!"

ఇద్దరూ వెళ్లి మోటారుకి బుష్ బిగించారు. స్విచ్చి వేస్తే మోటారు ఒకసారి గుర్రుమని, ఉలిక్కిపడి, హాయిగా పాడటం మొదలుపెట్టింది. పై ట్యాంకులోకి నీళ్లెక్కాయి. రాజ్యలక్ష్మి గారు మేడ మీద నుంచి, "వదినా, నీళ్లొచ్చాయ్! కుళాయిలో నీళ్లొచ్చాయ్!" అని వీధి అదిరేలా కేకేశారు. హిస్టరీ ఆయనా, లాజిక్ ఆయనా ఒకరి బకెట్టు ఒకరు నింపుకుంటున్నారు. వీధి కుళాయి కింద త్రివిక్రమరావు గారు రెండు చేతులూ పెట్టి, మోచేతుల దాకా చొక్కా తడుస్తున్నా తెలియకుండా, నీళ్లవైపే చూస్తూ నిలబడిపోయారు.

"ఎవరండీ మీరు? మోటారు బాగుచేసింది మీరేనా?" అని అడిగారు రాజ్యలక్ష్మి గారు కిందికి దిగి వచ్చి.

"నేనేనండీ! అంటే, ఆఖరి కోత నాదండీ! ఇదిగో, ఈ చేత్తోనే!" అన్నారాయన, తడి చెయ్యి ఎత్తి చూపిస్తూ, బడిలో ఫస్టొచ్చిన పిల్లాడిలా మొహమంతా వెలిగిపోతూ.

అంతలో ఏదో గుర్తొచ్చి, గబుక్కున చెయ్యి దించేశారు. అటూ ఇటూ చూసి, సోమశేఖరం గారిని పక్కకి లాక్కెళ్లి, చెవిలో బతిమాలుకున్నారు.

"మాష్టారూ, ఈ సంగతి ఎక్కడా అనకండేం. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. నా సర్వీసులో ఇప్పటిదాకా ఒక్క మచ్చ లేదు."